కోడలికి దొరికిన రాయి, అత్త పెట్టిన వంక

మద్దమ్మ అని ఒక అత్త ఉండేదంట. ఎట్లాంటి అత్త అనుకున్నారు? పొద్దున్నే లేచి సూర్యుణ్ణి చూసి, "ఈయప్ప ఈరోజు కొంచెం ఆలస్యంగా వచ్చినాడు" అనే రకం. కోడలు ముగ్గేస్తే చుక్కలు వంకర, ముగ్గెయ్యకపోతే కోడలే వంకర. సంగటి కెలికితే ఉండలు కట్టిందంటది. ఉండలు కట్టకపోతే, "ఇదేంది ఇంత నున్నగ ఉండాది, నమిలేలోపలే జారిపోతాంది" అంటది. నవ్వద్దండి. ఎవరెవరు నవ్వుతాండారో నేను చూస్తానే ఉండా. కోడండ్లంతా నవ్వుతాండారు, అత్తలంతా ఉన్నట్టుండి శెనక్కాయలు ఒలిచేదాంట్లో పడినారు. సరే, ఒలవండి, కథకు చెవులు చాలు. ఆ మద్దమ్మకు మొగుడు లేడు, కొడుకు ఒకడు, పేరు బజారి. మంచోడే అనుకో. కాకపోతే అమ్మ మాట్లాడితే పెండ్లాం తట్టు చూస్తాడు, పెండ్లాం మాట్లాడితే అమ్మ తట్టు చూస్తాడు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎద్దుల తట్టు చూస్తాడు. కోడలి పేరు ఉరుకుందమ్మ. ఆ పిల్లకు నోరుండాది, నోటికి తగిన బుర్ర కూడా ఉండాది. అదే ఆ ఇంట్లో వచ్చిన తంటా.

వాళ్ళకు ఉండేదంతా ఒక్క చేను. ఎర్రమిట్ట చేను అంటారు. మద్దమ్మ పెండ్లై వచ్చినప్పుడు అది చేను కాదంట, ఉట్టి రాళ్ళ దిబ్బంట. మొగుడూ పెండ్లామూ ఎండకు ఎండి, వానకు తడిసి, రాళ్ళు ఏరి ఏరి, ఏరిన రాళ్ళనే గట్టు కట్టి, కొర్ర పండే నేల చేసుకున్నారు. ఆ రాళ్ళ కిందపడి మద్దమ్మ బొటనవేలి గోరు ఊడిపోయింది, మళ్ళీ మొలవలేదు. ఎవరన్నా చేను మాట ఎత్తితే చాలు, ఆ గోరులేని వేలు చూపించి, "ఆ చేను నా గోరు తినింది, ఊరికే వచ్చిందనుకుంటాండారా" అనేది. అన్నిటికీ వంక పెట్టే మనిషి ఆ చేనుకు మాత్రం ఏ పొద్దూ వంక పెట్టలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, నేను మళ్ళీ చెప్పను.

ఇంక ఏమైందంటే, తొలకరి పడింది. తొలకరి పడితే మన తట్టు ఏమైతదో మీకు చెప్పాల్నా? ఎర్రనేల పైమట్టి కొట్టుకుపోయి, లోపలి రాళ్ళు ముఖం కడుక్కొని బయటికొస్తాయి. వాటిల్లో ఒకటో రెండో వజ్రాలు కూడా ఉంటాయి. జనం నడుములు వంచి చేన్లలో నడుస్తాండారు. అడిగితే కలుపు చూస్తాండాం అంటారు. విత్తనమే పడలేదు, కలుపు యాడనుంచి వస్తది? మీరూ పోయినారులే, ఓ ఈరమ్మా, పోయిన ఏడు పోగొట్టుకున్న ముక్కుపుడక వెతుకుతాండా అని చెప్పి నువ్వు ఎవరి చేన్లో తిరిగితివో మాకు తెల్దా. సరే, ఉరుకుందమ్మ ఎవరి చేన్లోకీ పోలేదు. తన చేన్లోనే, గట్టు తెగిన చోట మట్టి ఎగదోస్తాంటే, పొద్దున ఏటవాలు ఎండ తగిలి ఏదో కంట్లో గుచ్చినట్ల మెరిసిందంట. తీసి చూస్తే రాయి. చింతగింజంత ఉండాది, పటిక ముక్క మాదిరి. వజ్రమే. ఆ పిల్ల ఏం చేసింది, కొంగుతో తుడిచి, ఎండకు పెట్టి, ఇట్ల తిప్పి అట్ల తిప్పి చూసింది. తేటగానే ఉండాది. ఇంకొంచెం పక్కకు తిప్పితే అంచు తట్టు ఏదో కనపడింది. కోడిపిల్ల ఒంటిమీద ఉంటది చూడు, కొత్తగా వచ్చే ఈక, మెత్తగా తెల్లగా, అట్లాంటిది లోపల ఇరుక్కున్నట్ల ఉండాది. అది ఈక కాదు, సన్నని పగులు. ఎండ మారితే పోతది, ఎండ తగిలితే వస్తది. "చూడబ్బా, దీంట్లో ఈక ఉండాది" అని మొగునికి చూపించింది. బజారి చూసినాడు. "అవునా" అన్నాడు. ఏం చూసినాడో ఆయప్పకే తెలియాల.

రాయిని ఇంటికి తెచ్చినారు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండాది. చేన్లో పుట్టింది ఏదైనా సరే, మొదటి కంకి గానీ మొదటి కాయ గానీ, ముందు ఇంటి దేవత పెద్దమ్మ తల్లి ముందర పెట్టి నువ్వుల నూనె పుయ్యాల. మద్దమ్మ రాయిని అందుకొని, ఇంత నూనె పూసి, కుంకుమ పెట్టి, గూట్లో పెట్టింది. అంతటితో ఊరుకుందా? రోజూ పొద్దున తల్లికి దీపం పెట్టి, రాయికి నూనె పుయ్యడం, వేలితో రుద్దడం, "అబ్బా, తల్లి కన్ను మాదిరి ఉండాది, చుక్క లేదు, మచ్చ లేదు" అనడం. బావికాడ ఇదే మాట, రచ్చకాడ ఇదే మాట. ఉరుకుందమ్మ, "అత్తా, దాంట్లో ఈక ఉండాది, నేను చూసినా" అనింది. "నీ కంట్లో ఉండాదేమో ఈక, పోయి కడుక్కోపో" అనింది మద్దమ్మ. చూసినారా, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ప్రపంచంలో అన్నిటికీ వంక పెట్టిన మనిషి, వంక ఉన్న ఒకే ఒక్క దాన్ని పట్టుకొని వంక లేదంటాంది.

ఊర్లో ఇంత చెప్పుకుంటే పాలెగాని చెవిన పడదా? ఆ కాలంలో ఆ ఎర్రనేలలన్నీ ఒక పాలెగాని కింద ఉండేవంట. ఆయన కొత్తగా ఒక కట్టడి పెట్టినాడు. దొరికిన రాయిని ఆయన మనిషి వచ్చి చూస్తాడు. మూడు రకాలు. అద్దం పెట్టి చూసినా లోపల ఏమీ కనపడకపోతే అది తేట రాయి. అద్దంలో మాత్రమే మచ్చ కనపడితే అద్దంమచ్చ రాయి. అద్దం లేకుండా ఉట్టి కంటికే కనపడితే కంటిమచ్చ రాయి. కంటిమచ్చదైతే దొరికినోళ్ళే ఉంచుకోవచ్చు. అద్దంమచ్చదైతే పాలెగాడు తీసుకొని, ఏడాదికి సరిపడా జొన్నలు కొలిపిస్తాడు. తేట రాయి అనుకో, దానికి బంగారు కడియం పెడతాడు. పెట్టి, చేను తీసుకుంటాడు. ఎందుకు అంటే, తేట రాయి పుట్టిన చోట దాని అక్కచెల్లెండ్లు కూడా ఉంటారని ఆయన లెక్క. నిలువులోతు తవ్విపిస్తాడు. ఆ తవ్విన గుంతల్లో మళ్ళీ కొర్ర మొలుస్తదా? కడియం తింటారా మనుషులు? ఈ కట్టడి సంగతి మద్దమ్మకు తెలీదు. తెలిసుంటే బావికాడ అంత గొంతు లేపేది కాదు.

వచ్చినాడు పాలెగాని మనిషి. విరుపాక్షప్ప అని పేరు, రాళ్ళు చూసేటాయన. చెడ్డోడేం కాదు. కానీ తనకు తెలిసింది నలుగురికీ చెప్పకపోతే ఆయనకు బువ్వ అరగదు. మద్దమ్మ ఆయనకు నెయ్యేసి సంగటి పెట్టింది, నంజుకునేదానికి ఊరిబిండి పెట్టింది. తిని చెయ్యి కడుక్కొని, ఇంటి ముందర అరుగు మీద కూర్చున్నాడు. ఊరంతా చేరింది. నడుము సంచిలోంచి చిన్న భూతద్దం తీసినాడు, పది రెట్లు పెద్దగా చూపిస్తదంట. తెల్లగుడ్డ ఒకటి పరిచినాడు. ఇంక మొదలుపెట్టినాడు చెప్పడం. "చూడండి నాయనా, అద్దాన్ని కంటికి ఆనించి పెట్టాల, రాయిని అద్దం దగ్గరికి తేవాల. అందరూ అద్దాన్ని రాయి మీద పెట్టి ఎగిరెగిరి చూస్తారు, అది తప్పు. రెండు కండ్లూ తెరిచే ఉండాల. ఒకటి మూస్తే రెండోది అలిసిపోయి అబద్ధం చెప్తది. లోపల నల్లచుక్క ఉండొచ్చు, తెల్లగా మబ్బు పట్టినట్ల ఉండొచ్చు, ఈక మాదిరి పగులు ఉండొచ్చు. ఎంత పెద్దది, ఎన్ని ఉండాయి, నట్టనడుమ ఉండాదా అంచున ఉండాదా, అన్నీ చూసినాకే మాట చెప్పాల. నేను మాట చెప్పి, రాయిని ఈ ఎర్రగుడ్డలో పెట్టి ముడి వేస్తాను. ముడి పడకముందు ఎవరేం చెప్పినా వింటాను. ముడి పడినాక నా తల్లి వచ్చి చెప్పినా వినను." అని ఆ కట్టడి మూడు రకాలూ వివరంగా చెప్పినాడు. తేట రాయైతే చేను పోతాదనే మాట కూడా అప్పుడే చెప్పినాడు. ఆ మాట వినేసరికి మద్దమ్మ ముఖం చూడాల. ఊరంతా తిరిగి మచ్చలేదు మచ్చలేదు అని చెప్పొచ్చిన మనిషి, బొటనవేలు గుప్పిట్లో దాచుకొని గోడకు ఆనుకునిందంట.

విరుపాక్షప్ప రాయి అందుకున్నాడు. జిడ్డుగా ఉండాది. "అమ్మా, దీన్ని ముందు కడగాల కదా" అన్నాడు. ఎవరో ముసలాయన, "తల్లికి పూసిన నూనె సామీ, కడగరాదు" అన్నాడు. మద్దమ్మకు కాదనే దోవ లేదు. రోజూ ఆమే ఊరికి చెప్పింది కదా, తల్లి నూనె, తల్లి కన్ను అని. విరుపాక్షప్ప కూడా తిన్న ఇంట్లో ఆచారం తప్పడం ఎందుకులే అనుకొని, గుడ్డతో గట్టిగా తుడిచి, అద్దం దగ్గరికి తెచ్చినాడు. పైనుంచి చూసినాడు, అడుగునుంచి చూసినాడు, పక్కలు చూసినాడు. ఇంక మీకు అర్థమైంటది. పగుల్లోకి నూనె దిగిపోయింది. రోజూ రుద్ది రుద్ది దింపింది మన మద్దమ్మే. నూనె దిగితే ఈక యాడ కనపడతది? తడిసిన గుడ్డలో గీత దాక్కున్నట్ల దాక్కునింది. ఆయప్ప అద్దం దించి, ఎర్రగుడ్డ పరిచి, "నా బతుకులో ఇంత తేట రాయి..." అని అంటాండాడు.

ఉరుకుందమ్మ ముందుకొచ్చింది. "సామీ, దాంట్లో ఈక ఉండాది. అంచున. నేను నా కండ్లారా చూసినా. కడిగి చూడు." అనింది. విరుపాక్షప్ప నవ్వినాడు. "అమ్మా, చేను పోతాదంటే ఎవరైనా ఈక ఉండాదనే అంటారు. నీకు ఈక కావాల కాబట్టి ఈక కనపడతాంది." ఆ పిల్ల ఊరుకుంటుందా, "అట్లైతే సామీ, నీకు తేట రాయి కావాల కాబట్టి తేటగా కనపడతాంది. పాలెగానికి తేట రాయి పట్టుకుపోతే నీకు ఏమీ పెట్టడా?" అనింది. ఊరు గుసగుసలాడింది. ఆయప్ప ముఖం ఎర్రబడింది. "నీతో పాటు ఇంకెవరైనా చూసినారా ఆ ఈకను?" అన్నాడు. ఉరుకుందమ్మ మొగుణ్ణి చూపించింది. "ఏం నాయనా బజారీ, నువ్వు చూసినావా?" అంటే బజారి అమ్మ తట్టు చూసినాడు, పెండ్లాం తట్టు చూసినాడు, ఆ పక్క కట్టేసిన ఎద్దుల తట్టు చూసినాడు. "నేను రాయి చూసినా సామీ" అన్నాడు. "ఈకో?" "ఈక ఉండాదని ఆమె చెప్పడం చూసినా" అన్నాడు. ఇదీ సాక్ష్యం. ఆ పిల్లకు తల కొట్టుకోవాలని ఉండాది, కానీ చేతులు ఖాళీ లేవు, నడుము మీద పెట్టుకొనుండాది.

అత్త తట్టు తిరిగింది. "అత్తా, నువ్వన్నా చెప్పు. కుంకుడు నీళ్ళలో ఒక్కసారి వేస్తే అయిపోతది. తల్లి కోపగించుకోదు. చేను ఉంటేనే కదా రేపు తల్లికి కంకి పెట్టేది." మద్దమ్మకు లోపల ఏమవుతాందో చెప్పాల్నా మీకు. చేను కండ్లముందరే పోతాంది. అవునమ్మా కడగండి అని అంటే చాలు. కానీ అనలేదు. ఎట్ల అంటది? బావికాడ చెప్పింది, రచ్చకాడ చెప్పింది, తల్లి మీద ఆన పెట్టి మరీ చెప్పింది. అన్నిటికంటే పెద్ద సంగతి, కోడలు చెప్పింది నిజమని ఊరి ముందర ఒప్పుకోవాల. చేను పోతే ఇంకో దిబ్బ తవ్వుకోవచ్చు అనుకునిందేమో, ఆ మాట మాత్రం నోట్లోంచి రాలేదు. అత్తలూ, మీకు అర్థమైంటది, కోపం చేసుకోవద్దండి. "నేను నిన్ననే చూసినా, ఏమీ లేదు" అని ముఖం తిప్పుకునింది.

విరుపాక్షప్ప రాయిని ఎర్రగుడ్డ నడుమ పెట్టినాడు. ఒక కొస ఎత్తినాడు. రెండో కొస ఎత్తినాడు. ఉరుకుందమ్మ చూసింది. అడిగితే కాదు, ఏడిస్తే కాదు, న్యాయం చెప్తే అసలే కాదు. ఆ ఇంట్లో అన్నాళ్ళు కాపురం చేసిన పిల్ల కదా, అప్పుడు వెలిగింది దానికి. నడుము మీద చేతులు తీసేసింది. కొంగు సర్దుకునింది. "సరే సామీ, నేనే తప్పు. మా అత్త చెప్పిందే నిజం. తేట రాయే." అనింది. ఊరంతా నోరు తెరిచింది. "తేటగా లేకుండా ఎట్ల ఉంటది చెప్పండి? నా చేతికి దొరికింది. ఇన్నేండ్లు మా అత్త ఆ చేన్లో నడిచింది, మా మామ నడిచినాడు, ఒక్క గులకరాయి మెరవలేదు. నేను అడుగు పెడితే మెరిసింది. నా చెయ్యి అట్లాంటిది. నేను ఏం తెచ్చినా వంక ఉండదు, ఏం పట్టుకున్నా మచ్చ ఉండదు. మా అత్తే చెప్తాంది కదా, ఊరందరి ముందర, ఈ పిల్ల తెచ్చిందాంట్లో వంక లేదని. ముడి వెయ్యి సామీ, ఆ మాట కూడా దాంట్లో పెట్టి ముడి వెయ్యి."

అంతే. మద్దమ్మ గోడ వదిలి లేచింది. "ఎవరు చెప్పినారే? నువ్వు తెచ్చిందాంట్లో వంక లేదని నేనెప్పుడు చెప్పినా?" "ఇప్పుడే చెప్తివి కదత్తా." "నేను రాయిని చెప్పినా, నిన్ను కాదు." "రాయి నాదే కదత్తా. నా చేతి రాయి." "నీ చేతిదా? నీ చేతికి సరైన కట్టె దొరకదు పొయ్యిలోకి, వజ్రం దొరుకుతదా వంకలేంది? నువ్వు తెచ్చిన కుండ ఏదన్నా కారకుండా ఉండాదా? నువ్వు తెచ్చిన కోడి ఏదన్నా గుడ్డు పెట్టిందా? ఓ అప్పా, ఆ ముడి ఆపు. ఇట్ల తే ఆ రాయిని." విరుపాక్షప్ప, "అమ్మా, తల్లి నూనె..." అన్నాడు. "తల్లికి పూసింది నేను, కడిగేది నేను, నడుమ నువ్వెవరు" అని రాయిని లాక్కొని ఇంట్లోకి పోయింది. కుంకుడుకాయలు కొట్టినారు, నీళ్ళు కాగినాయి. ఆ వేన్నీళ్ళలో రాయిని వేసి, తలంటినట్ల రుద్ది, కడిగి, మళ్ళీ వేసి, మళ్ళీ రుద్ది, గోరులేని ఆ వేలితోనే రుద్ది, ఎండలో ఆరబెట్టి తెచ్చింది. "ఇప్పుడు చూడు" అనింది. "పైనుంచి కాదు. అట్ల ఏటవాలుగా పెట్టు. రెండు కండ్లూ తెరువు, నువ్వే చెప్తివి కదా."

విరుపాక్షప్ప అద్దం పెట్టినాడు. తిప్పినాడు. ఆగినాడు. మళ్ళీ వెనక్కి తిప్పినాడు. అంచున, తెల్లగా, కోడిపిల్ల ఈక. ఆయప్ప మంచోడని చెప్పినా కదా, ఒక్క మాట దాచలేదు. "ఈక ఉండాది. కడగకుండా చూడటం నా తప్పు" అన్నాడు. "రాయి చూసేటోడు మొదట చెయ్యాల్సిన పని నేను సంగటి తిన్న మొహమాటానికి వదిలేసినా. ఇది అద్దంమచ్చ రాయి." చేను నిలబడింది. జనం ఊపిరి వదిలినారు. మద్దమ్మ వదల్లేదు. "అద్దంమచ్చ ఏంది, కంటిమచ్చ. నా కంటికి అద్దం లేకుండానే కనపడతాంది." "నా కంటికి కనపడలేదమ్మా." "నీ కంటికి నీ మీసంలో ఇరుక్కున్న ఊరిబిండి కూడా కనపడలేదు, పొద్దున్నుంచి ఆడే ఉండాది." ఆయప్ప మీసం తడుముకున్నాడు, నిజమే ఉండాది. అయినా, "కట్టడిలో లెక్క నా కన్నేనమ్మా, నీది కాదు" అని గట్టిగా చెప్పి ముడి వేసినాడు. రాయి పాలెగానికి పోయింది, జొన్నలు ఇంటికొచ్చినాయి. మద్దమ్మ ఆ జొన్నలు చేట్లో పోసి చూసి, సగం పుచ్చులే అనిందంట.

అందరూ పోయినాక, అత్తా కోడలూ ఇద్దరే అరుగు మీద మిగిలినారు. ఉరుకుందమ్మ మెల్లగా, "అత్తా, చేను నిలబెట్టినావు" అనింది. మద్దమ్మ, "చేను కోసం కాదు, నీ పొగరు కోసం కడిగినా" అనింది. అని, ఆ గోరులేని వేలు కొంగుతో తుడుచుకుంటా, "నువ్వు కూడా పొగరుకు అనలేదులే ఆ మాటలు" అనింది. ఇంక వాళ్ళిద్దరూ ఆ పొద్దునుంచి తల్లీబిడ్డల్లాగ ఉన్నారు అని చెప్తే మీరు నమ్ముతారా? నేనైతే నమ్మను. మర్సటి రోజు సంగటి ఉండలు కట్టిందనే అనింది మద్దమ్మ. కాకపోతే ఆమె వంక పెట్టినప్పుడల్లా ఉరుకుందమ్మ చేను తట్టు చూసి నవ్వుకునేదంట. కొర్ర కంకులు గట్టు దాకా వంగి ఉండేవంట. చుట్టుపక్కల ఊర్లలో ఎవరికి రాయి దొరికినా, తమ చేను పోగూడదనుకునేవాళ్ళంతా ముందు మద్దమ్మకాడికి తెచ్చేవాళ్ళంట. ఆమె రాయిని చూసే ముందు తెచ్చినోళ్ళను ఒకసారి ఎగాదిగా చూసేదంట, సగం మచ్చలు ఆడనే దొరికేవంట.

ఇదీ కథ. నాకు మా అమ్మమ్మ చెప్పింది, ఆమెకు వాళ్ళ అత్త చెప్పిందంట, ఎందుకు చెప్పిందో ఆ ముసలామెకే తెలియాల. ఏంటికత్తా, అట్ల ముఖం పెట్టినావు? ఇంతసేపూ శెనక్కాయలు ఒలుస్తాండావు, ఒలిచినవాటికంటే నన్ను చూసిందే ఎక్కువ. కథలో వంక ఉండాదా? ఉండాదంటావు, నాకు తెలుసు. ఉంటే ఉండనీ. కడిగి చూసి చెప్పు.